పదకొండు నిమిషాలు, ఒక ఇంజెక్షన్, తొంభై ఏళ్ల కథ

చాలా రోజుల తర్వాత రాస్తున్నా. పోస్టు పొడుగుంది, టీ పెట్టుకుని కూర్చోండి. ఈసారి వీసా గోల కాదు, లేఆఫ్‌ల గోల కాదు. ఒక మందు కథ. కానీ ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి, లేకపోతే ఈ చరిత్రంతా నాకెందుకు అనిపిస్తుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి. క్యారీలో మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉంటాం, అందరం కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లమే. మాలో పెద్దాయన్ని అందరం బావ అంటాం. చుట్టరికం ఏమీ లేదు, వయసు 44, కుటుంబం విజయవాడలో ఉంది. ఆ రాత్రి పప్పు, బంగాళదుంప వేపుడు. బావ గరిటె పట్టుకుంటే జారి కిందపడింది. ఒంగి తీయబోయి కుర్చీకి ఆనుకుపోయాడు. ఏదో అన్నాడు, మాకు అర్థం కాలా. నోట్లో అన్నం ఉందేమో అనుకున్నాం. చూస్తే మూతి ఒక పక్కకి లాగేసి ఉంది.

అప్పుడు మేం చేసింది చెప్తా, తిట్టుకోండి. ఒకడు "బీపీ పడిపోయుంటుంది, నిమ్మకాయ నీళ్లు కలుపుతా" అన్నాడు. ఇంకోడు "వారమంతా నైట్ కాల్సే గదా, నిద్రలేక. పడుకోబెడదాం అన్నా" అన్నాడు. నేను ఫోన్ తీసి మూతి వంకర పోతే ఏంటని వెతుకుతున్నా. 911 కి చేద్దామని ఎవరో అన్నారు. వెంటనే అందరి నోటా ఒకటే మాట: "అంబులెన్స్ ఎక్కితే వేలల్లో బిల్లు." బావ కూడా చెయ్యి అడ్డంగా ఊపాడు, వద్దని. ఆయన ఇన్సూరెన్స్ కన్సల్టెన్సీ ఇచ్చిందే, ముందు కొన్ని వేల డాలర్లు జేబులోంచి కట్టుకున్నాకే అది పనిచేసేది. ఆ లెక్క ఆయనకి తెలుసు, మాకూ తెలుసు.

నా ఫోన్‌లో వెతికిన టైము 9:02. 911 కి చేసిన టైము 9:13. పదకొండు నిమిషాలు. తర్వాత చాలాసార్లు ఆ రెండు అంకెలూ చూసుకున్నా.

అంబులెన్స్ ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. ఆసుపత్రిలో బావని నేరుగా స్కానింగ్‌కి తీసుకుపోయారు. మమ్మల్ని వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఇన్సూరెన్స్ గురించి కాదు. "ఈయన ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు చూశారు?" అని. ఒకడు ఎనిమిదిన్నర అన్నాడు, ఒకడు తొమ్మిది అన్నాడు. డాక్టరు ముఖం చూస్తే తెలిసింది, ఈ జవాబు మీద ఏదో పెద్దది ఆధారపడి ఉందని. అప్పుడు నాకు బావ ఫోన్ గుర్తొచ్చింది. 8:40 దాకా అక్కతో వీడియో కాల్ మాట్లాడాడు. అక్కకి ఫోన్ చేశా, అక్కడ ఆదివారం పొద్దున. "మాట బాగానే ఉంది తమ్ముడూ, పిల్లాడి ఫీజు గురించి చక్కగా మాట్లాడారు" అంది. అంతే, 8:40 అని రాసుకున్నారు. బీపీ 200 దాటి ఉంది, అది దిగేదాకా ఇంజెక్షన్ ఇవ్వమన్నారు. దించారు. 10:25 కి ఇచ్చారు.

గడ్డ కరిగించే మందు అది. రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే మందు. మెదడులో పడితే పక్షవాతం, గుండెలో పడితే గుండెపోటు. రెండిటికీ ఈ జాతి మందులే వాడారు. ఎందుకు అన్ని ప్రశ్నలు అడిగారు, ఎందుకు బీపీ కోసం ఆగారు, ఆగితే నష్టమని వాళ్లే అంటూ ఎందుకు ఆగారు అని తర్వాత నెల రోజులు కూర్చుని చదివా. చదివితే తెలిసిందేంటంటే, ఈ కథలో సగం మనం ఉండే ఈ నార్త్ కరోలినాకే చుట్టుకుని ఉంది. ఇంకో సగంలో మా నాన్న ఉన్నాడు.

మొదలు 1933 లో. విలియం టిల్లెట్ అని ఒక డాక్టరు. షార్లెట్‌లో పుట్టాడు, మన పక్కనే చాపెల్ హిల్‌లో డిగ్రీ చదివాడు, తర్వాత బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో డాక్టరయ్యాడు. ఆయన పని స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి మీద. గొంతునొప్పి, జ్వరం తెప్పించే జీవి అది. ఆ జీవి రక్తం గడ్డకట్టకుండా ఆపుతుందేమో చూద్దామని గాజు గొట్టాల్లో రక్తరసం పోసి, కొన్నిటిలో ఆ జీవుల్ని కలిపాడు. కొంచెంసేపటికి చూస్తే అన్ని గొట్టాల్లోనూ గడ్డకట్టేసింది. ప్రయోగం పోయిందనుకున్నాడు. కానీ గొట్టాలు పారేయకుండా అక్కడే ఉంచి, తర్వాత మళ్లీ చూశాడు. జీవులు కలిపిన గొట్టాల్లో మాత్రం గడ్డ మళ్లీ నీళ్లయిపోయి ఉంది. మనింట్లో తోడుపెట్టిన పెరుగు మళ్లీ పాలైపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది అది. గార్నర్ అనే తోటి పరిశోధకుడితో కలిసి ఆ సంగతి అచ్చువేశాడు.

ఎలా కరిగిందో తేలడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. రక్తపు గడ్డకి లోపల ఫైబ్రిన్ అనే దారాల వల ఉంటుంది. ఆ వలని కోసే కత్తి మన రక్తంలోనే ఉంది, కానీ ఒరలో నిద్రపోతూ ఉంటుంది. దాని పేరు ప్లాస్మినోజెన్. సూక్ష్మజీవి విడిచే పదార్థం ఆ కత్తిని ఒరలోంచి లాగుతుంది. 1945 లో క్రిస్టెన్సెన్ అనే ఆయన దీన్ని తేల్చాడు. లాగే పదార్థానికి స్ట్రెప్టోకైనేజ్ అని పేరొచ్చింది. అంటే మందు స్వయంగా గడ్డని కరిగించదు, మన కత్తిని మన చేతికే ఇస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దీని మంచీ చెడూ రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒరలోంచి తీసిన కత్తికి ఏ గడ్డ చెడ్డదో, ఏ గడ్డ పుండుని మూసి కాపాడుతోందో తెలియదు. అడ్డుపడిన గడ్డనీ కోస్తుంది, మెదడులో ఎక్కడో బలహీనంగా ఉన్న నాళానికి అతుకులా ఉన్న గడ్డనీ కోస్తుంది.

మొదట దీన్ని గుండెకి వాడలేదు. 1940ల చివర్లో టిల్లెట్, సోల్ షెర్రీ న్యూయార్క్‌లో ఊపిరితిత్తుల చుట్టూ రక్తం, చీము గడ్డకట్టిన రోగులకి లోపలికి ఎక్కించారు, గడ్డలు కరిగి బయటికి వచ్చాయి. 1949 లో టిల్లెట్, క్రిస్టెన్సెన్‌లకి లాస్కర్ బహుమతి వచ్చింది. 1958 లో షెర్రీ బృందం గుండెపోటు రోగులకి నరంలోకి ఎక్కించి చూసింది. ఆ రోజుల్లో మందు అంత శుద్ధంగా ఉండేది కాదు, జ్వరం, చలి, బీపీ పడిపోవడం. పైగా చాలామంది పెద్ద డాక్టర్లకి గుండెపోటుకి గడ్డే కారణమని నమ్మకం లేదు. గుండెపోటు వచ్చాక గడ్డ తయారవుతుందేమో అనుకునేవాళ్లు. కారణమో ఫలితమో తెలియని దాన్ని కరిగించడానికి అంత ప్రమాదం ఎందుకని పక్కన పెట్టేశారు.

ఆ ముడి విడింది 1980 లో. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో డివుడ్ అనే డాక్టరు, గుండెపోటు వచ్చిన మొదటి గంటల్లోనే రోగుల గుండె నాళాల ఫొటోలు తీశాడు. నాలుగు గంటల్లోపు తీసినవాళ్లలో 87 శాతం మందికి నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. గంటలు గడిచేకొద్దీ ఆ శాతం తగ్గింది. అంటే గడ్డే మొదలు. అంతకుముందే 1976 లో మాస్కోలో చాజోవ్, 1979 లో జర్మనీలో రెంట్రాప్ నేరుగా గుండె నాళంలోకి గడ్డ కరిగించే మందు పంపి దారి తెరుచుకుంటుందని చూపించారు. కానీ అది పెద్ద ఆసుపత్రుల పని. చిన్న ఊళ్లో చేతి నరానికి ఇస్తే ప్రాణాలు నిలుస్తాయా? దానికి జవాబు ఇటలీ చెప్పింది.

1986 లో వచ్చిన ఆ ఇటలీ పరీక్ష పేరు గిస్సీ. దాదాపు 11,800 మంది రోగులు. సగం మందికి స్ట్రెప్టోకైనేజ్, సగం మందికి మామూలు వైద్యం. మూడు వారాల్లో మామూలు వైద్యం అందినవాళ్లలో 13 శాతం చనిపోతే, మందు అందినవాళ్లలో 10.7 శాతం. వినడానికి తేడా చిన్నదే. కానీ టైము ప్రకారం విడదీసి చూశారు. నొప్పి మొదలైన గంటలోపు మందు పడినవాళ్లలో చావులు దాదాపు సగానికి తగ్గాయి. మూడు గంటల్లోపు పడితే పావు వంతు దాకా తగ్గాయి. ఆరు గంటలు దాటాక ఆ పరీక్షలో లాభం కనపడలేదు. రెండేళ్లకి 17,187 మంది మీద చేసిన ఐసిస్-2 పరీక్ష ఇంకోటి చెప్పింది: ఆస్పిరిన్ బిళ్ల కూడా ప్రాణం నిలుపుతుంది, రెండూ కలిపి ఇస్తే ఇంకా ఎక్కువ. ఏ మందూ పడనివాళ్లలో 13.2 శాతం పోతే రెండూ పడినవాళ్లలో 8 శాతం. 1994 లో తొమ్మిది పెద్ద పరీక్షల్లోని 58,600 మంది లెక్కలు కలిపి చూశారు. పన్నెండు గంటల దాకా కొంత లాభం ఉంది, ఆ తర్వాత లేదని తేలింది.

ఆ పన్నెండు గంటల దగ్గర కాసేపు ఆగుతా.

2009 వేసవి. మా ఊరు కనిగిరి దగ్గర. రాత్రి పది గంటలకి నాన్నకి ఛాతీలో బరువుగా ఉందన్నాడు, చెమటలు పట్టాయి. అమ్మ సోడా తాగించింది. నేనప్పుడు హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నా, ఫోన్ చేస్తే "గ్యాసేలే, పడుకున్నాడు" అంది. 108 అప్పటికి వచ్చి నాలుగేళ్లయింది, 2005 ఆగస్టు 15 న మొదలైంది కదా. చెయ్యమంటే "రాత్రిపూట బండి వస్తే ఊరంతా చేరతారు" అంది. పొద్దున ఆరెంపీ వచ్చి ఇంజెక్షన్ చేశాడు. ఒంగోలు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. డాక్టరు ఈసీజీ చూసి "గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది గానీ ఇప్పుడు లాభం లేదు, టైము దాటిపోయింది" అన్నాడు. మేం మూడు వేలు చేతిలో పట్టుకుని నిలబడ్డాం. ఇవ్వలేదు.

నాన్న బతికాడు. కానీ గుండె సగం పోయింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. మూడేళ్లకి పోయాడు. అన్నేళ్లూ నేను ఆ డాక్టరుని తిట్టుకుంటూనే ఉన్నా. పెద్దోళ్లయితే ఇచ్చేవాడు, పంచె కట్టుకున్నోడు కాబట్టి ఇవ్వలేదు అనుకున్నా. పదిహేనేళ్లు ఆ కోపం మోశా. ఈ ఏడాది కూర్చుని ఆ లెక్కలు చదివితే తెలిసింది, రాత్రి పది నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటేదాకా అంటే పద్నాలుగు గంటలు. లాభం అయిపోయి ప్రమాదం మాత్రం మిగిలే చోటు. ఆయన చేసింది సరైన పని. మందుని ఆపిందీ ఆయన కాదు, మా సోడా. ఈ మాట రాయడానికి నాకు చాలా టైము పట్టింది.

మళ్లీ కథలోకి వస్తా. స్ట్రెప్టోకైనేజ్‌కి రెండు లోపాలు. ఒకటి, అది సూక్ష్మజీవి నుంచి వచ్చింది కాబట్టి ఒంటికి పరాయిది. ఒకసారి ఇస్తే ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని ఎదురు పదార్థాలు తయారుచేస్తుంది. రెండోసారి ఇస్తే పనిచేయకపోవచ్చు, ఎలర్జీ రావచ్చు. అందుకే ఒకసారి తీసుకున్నవాళ్లు ఆ చీటీ జాగ్రత్తగా ఉంచుకోవాలి, మళ్లీ గుండెపోటు వస్తే డాక్టరుకి చెప్పాలి. రెండోది, గడ్డ ఎక్కడుందో చూడకుండా రక్తమంతటా కత్తులు దూస్తుంది.

దీనికి మార్గం మన ఒంట్లోనే దొరికింది. గడ్డ ఉన్నచోటే ఎక్కువగా కత్తి దూసే పదార్థం ఒకటి మన రక్తనాళాల గోడల్లో తయారవుతుంది, టీపీఏ అంటారు. బెల్జియంలో డెజిరే కోలెన్ దాన్ని ఒక కేన్సర్ కణాల నుంచి శుద్ధిచేశాడు. కాలిఫోర్నియాలో జెనెన్‌టెక్ కంపెనీలో డయాన్ పెన్నికా బృందం దాని జన్యువుని పట్టుకుంది, 1983 లో అచ్చయింది. 1987 నవంబరులో అమెరికా ప్రభుత్వం గుండెపోటుకి అనుమతిచ్చింది. ధర? ఒక్క డోసు సుమారు 2,200 డాలర్లు. స్ట్రెప్టోకైనేజ్ దానిలో ఏడో వంతు దరిదాపు. ఏడింతలు డబ్బు పెడితే ఏడింతలు మంచిదా? అదీ గొడవ.

ఆ గొడవ తేల్చింది మన పక్క ఊరే. క్యారీ నుంచి ఐ-40 ఎక్కితే అరగంటలో వచ్చే డర్హమ్. అక్కడి డ్యూక్ యూనివర్సిటీ నుంచి రాబర్ట్ క్యాలిఫ్ బృందం లెక్కలు నడిపింది, క్లీవ్‌లాండ్ నుంచి ఎరిక్ టోపోల్ ముందుండి నడిపించాడు. పరీక్ష పేరు గస్టో. 15 దేశాలు, 1,081 ఆసుపత్రులు, 41,021 మంది రోగులు. ఫలితం 1993 లో వచ్చింది. నెల రోజుల్లో స్ట్రెప్టోకైనేజ్ పడినవాళ్లలో 7.2 నుంచి 7.4 శాతం చనిపోయారు, టీపీఏని త్వరత్వరగా ఎక్కించినవాళ్లలో 6.3 శాతం. అంటే వందమందిలో ఒక్కరు ఎక్కువ బతికారు. మెదడులో రక్తస్రావం? స్ట్రెప్టోకైనేజ్‌కి వెయ్యిమందిలో ఐదుగురు, టీపీఏకి ఏడుగురు. రెండు మందులూ కలిపి ఇస్తే తొమ్మిది మంది దాకా. పరీక్షకి డబ్బు పెట్టినవాళ్లలో జెనెన్‌టెక్ కూడా ఉంది కాబట్టి అనుమానపడినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ లెక్కలు దాచినవి కాదు. లాభం ఒక పక్క, ప్రమాదం ఇంకో పక్క, రెండూ ఒకే పట్టికలో పెట్టారు. ఆ క్యాలిఫ్ తర్వాత రెండుసార్లు దేశం మొత్తానికి మందుల అనుమతుల సంస్థ అధిపతి అయ్యాడు.

అమెరికా ఖరీదైన దానివైపు వెళ్లింది. మన దేశం ఎటు వెళ్లింది? 2008 లో క్రియేట్ అనే పెద్ద లెక్క వచ్చింది, 50 ఊళ్లలోని 89 ఆసుపత్రుల్లో 20,937 మంది రోగులు. పెద్ద రకం గుండెపోటు వచ్చినవాళ్లలో 58.5 శాతం మందికి గడ్డ కరిగించే మందు పడింది, అందులో 96 శాతం స్ట్రెప్టోకైనేజే. మనవాళ్ల ప్రాణాలు నిలిపింది ఆ చవక మందే. దాన్ని ఇంకా చవగ్గా ఇక్కడే తయారుచేయడానికి చండీగఢ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇమ్‌టెక్‌లో గిరీష్ సాహ్ని బృందం పనిచేసింది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ రెండూ జన్యు పద్ధతిలో స్ట్రెప్టోకైనేజ్ తయారుచేశాయి. భారత్ బయోటెక్ అంటే కరోనా టీకానే గుర్తొస్తుంది మనకి, కానీ ఈ మందు అంతకు చాలా ముందుదే.

అదే క్రియేట్ లెక్కలో ఇంకో అంకె ఉంది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరడానికి పట్టిన టైము, మధ్యస్థంగా 360 నిమిషాలు. ఆరు గంటలు. ఆసుపత్రి లోపలికి వెళ్లాక మందు పడటానికి 50 నిమిషాలే. మందు ఉంది, డాక్టరు ఉన్నాడు, ఆలస్యమంతా ఇంట్లోనూ దారిలోనూ. ఆ ఆరు గంటల్లో ఎన్ని సోడాలు, ఎన్ని జెలూసిల్‌లు ఉన్నాయో మీరే ఊహించుకోండి. ఇప్పుడు ఆంధ్రాలో 2023 నుంచి ఐసీఎంఆర్ తోడుతో స్టెమీ కార్యక్రమం నడుస్తోంది. ఊరి దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీస్తారు, పెద్దాసుపత్రి డాక్టరు దూరం నుంచే చూసి చెప్తాడు, నలభై వేల దాకా ధరున్న టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. మీ అమ్మానాన్నలకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పండి. మనం పంపే డాలర్లకన్నా ఈ ఫోన్ కాల్ ఎక్కువ విలువైంది కావచ్చు.

ఇక పక్షవాతం దగ్గరికి వస్తా, బావ దగ్గరికి.

గుండెకి పనిచేసింది మెదడుకి పనిచేయాలి కదా అని 1990ల్లో స్ట్రెప్టోకైనేజ్‌తో యూరప్‌లో, ఆస్ట్రేలియాలో పరీక్షలు చేశారు. మెదడులో రక్తస్రావాలు, చావులు ఎక్కువై మధ్యలోనే ఆపేశారు. మెదడు గుండెలాంటిది కాదు. పైగా పక్షవాతం రెండు రకాలు. ఎక్కువమందికి గడ్డ అడ్డుపడటం వల్ల, కొందరికి నాళం చిట్లి రక్తం కారటం వల్ల. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దవడం. మొదటి రకానికి ఈ మందు ఔషధం, రెండో రకానికి విషం. స్కానింగ్ తీయకుండా దేవుడొచ్చినా తేడా చెప్పలేడు. అందుకే అక్కడ మొదట స్కానింగ్.

1995 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ చేయించిన పరీక్ష వచ్చింది. 624 మంది, టీపీఏ, మూడు గంటల్లోపు మాత్రమే. మూడు నెలల తర్వాత చూస్తే, మందు పడినవాళ్లలో వందకి పదకొండు నుంచి పదమూడు మంది ఎక్కువగా, ఏ వైకల్యమూ లేకుండా లేదా అతి స్వల్పంగా మిగిలారు. అదే సమయంలో హాని చేసే మెదడు రక్తస్రావం 6.4 శాతం, మందు పడనివాళ్లలో 0.6. అంటే పది రెట్లు. అయినా మొత్తం చావులు పెరగలేదు. 1996 జూన్‌లో అనుమతి వచ్చింది. డాక్టర్లలోనే ఏళ్ల తరబడి వాదన నడిచింది, పదిమందిని లేపడానికి ఆరుగురిని ప్రమాదంలో పెట్టొచ్చా అని. ఆ వాదన వల్లే నిబంధనలు గట్టిపడ్డాయి. 2008 లో యూరప్ పరీక్ష నాలుగున్నర గంటల దాకా గడువు పెంచింది. 2025 మార్చిలో టెనెక్టెప్లేజ్‌కి పక్షవాతం కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. గంటసేపు ఎక్కించాల్సిన పని లేదు, ఒక్క పోటు. పెద్ద నాళం మూసుకుపోతే తీగతో గడ్డని బయటికి లాగే పద్ధతి కూడా 2015 నుంచి స్థిరపడింది.

ఇప్పుడు ఆ రాత్రి వాళ్ల ప్రశ్నలన్నీ నాకు అర్థమయ్యాయి. ఆఖరిసారి బాగున్న టైము ఎందుకు? గడువు లెక్క అక్కడి నుంచే మొదలు. నిద్రలో వస్తే లేచిన టైము కాదు, పడుకున్న టైమే లెక్క. బీపీ ఎందుకు? 185/110 కి పైన ఉంటే రక్తస్రావం భయం, అందుకే ముందు దించాలి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నాడా, ఈ మధ్య ఆపరేషన్ అయిందా, తలకి దెబ్బ తగిలిందా, ముందెప్పుడైనా మెదడులో రక్తం కారిందా, ఇవన్నీ ఎందుకు? ప్రతి ప్రశ్న వెనకా ఆ కత్తి ఎక్కడ తప్పుగా కోయగలదో తెలుసుకున్న ఒక రోగి కథ ఉంది. మందు పేర్లు కూడా టీఎన్‌కే, టీపీఏ అని పొట్టిగా రాస్తే ఒకదానికి బదులు ఒకటి ఇచ్చేస్తారని హెచ్చరికలున్నాయి. ఎందుకంటే రెండిటి డోసులు వేరు, గుండెకీ మెదడుకీ కూడా వేరు.

మన గురించి రెండు మాటలు. నార్త్ కరోలినా పక్షవాతాలు ఎక్కువుండే దక్షిణ రాష్ట్రాల వరుసలో ఉంది. మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కన్నా దాదాపు ఆరేళ్లు ముందే వస్తోందని 2007 లో అచ్చయిన పెద్ద అధ్యయనం తేల్చింది. 53 ఏళ్ల దగ్గర. రెండూ కలిపి మన తలమీదే ఉన్నాయి. పైగా నైట్ కాల్స్, ఫ్రోజెన్ పరోటాలు, బీపీ చూపించుకుంటే డబ్బు దండగ అనుకోవడం.

కాబట్టి మా ఫ్రిజ్ మీద ఇప్పుడు ఒక కాగితం అంటించాం. మీరూ రాసుకోండి.

మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్ద. మూడిట్లో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 911. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వచ్చినా 911. మనం కారులో తీసుకెళ్లొద్దు, అంబులెన్స్ వాళ్లు దారిలోనే ఆసుపత్రికి కబురు చెప్తారు, అక్కడ స్కానింగ్ సిద్ధంగా ఉంటుంది.

పక్షవాతం అనుమానం ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు. నిమ్మకాయ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ కూడా వద్దు, రక్తం కారే రకమేమో మనకి తెలియదు. ఛాతీ నొప్పికి ఆస్పిరిన్ సంగతి 911 వాళ్లనే అడగండి, వాళ్లు చెప్తే నమలాలి.

ఇంటి అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబరు పెద్ద అక్షరాల్లో. కంగారులో నాకు మా బిల్డింగ్ నంబరు గుర్తురాలేదు. ఇంగ్లీషు తడబడితే తెలుగు అని చెప్పండి, చాలాచోట్ల దుబాసీని లైన్‌లోకి తెస్తారు.

ప్రతి ఒక్కరూ వాడే బిళ్లల పేర్లు, ఎలర్జీలు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు.

బిల్లు సంగతి. 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసర విభాగంలోకి వచ్చినవాళ్లని డబ్బు ఉందా, వీసా ఉందా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే, బావకీ వచ్చింది, చూసి నా కళ్లే తిరిగాయి. కానీ లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలని చట్టం. వివరంగా బిల్లు అడగండి, సహాయానికి దరఖాస్తు పెట్టండి, వాయిదాలు అడగండి. బావది ఇంకా నడుస్తోంది. అప్పు తీర్చుకోవచ్చు. మెదడులో గడ్డ ఉన్న ప్రతి నిమిషానికీ 19 లక్షల కణాలు పోతాయని ఒక లెక్క. మా పదకొండు నిమిషాలకి రెండు కోట్లు దాటాయి. వాటికి వాయిదాలు లేవు.

బావ ఇప్పుడు ఎలా ఉన్నాడని అడుగుతారు. నడుస్తున్నాడు, పనికి వెళ్తున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు ఇంకా టైపింగ్‌కి పూర్తిగా రావడం లేదు. ఆ రెండు వేళ్లు మా పదకొండు నిమిషాలవేనా, లేక మొదటి నుంచీ పోవాల్సినవేనా, ఎవరూ చెప్పలేరు. డాక్టరుని అడిగితే "మీరు తీసుకొచ్చారు కదా" అని మాత్రం అంది. నిన్న పప్పులో ఉప్పు ఎక్కువైందని మమ్మల్ని తిట్టాడు, ప్రతి అక్షరం స్పష్టంగా.

ఒంగోలులోని ఆ డాక్టరు పేరు నాకు గుర్తులేదు. అమ్మకీ గుర్తులేదు. గుర్తుంటే ఒకసారి ఫోన్ చేసి, తప్పు మాదేనండీ అని చెప్పేవాణ్ణి. ఆ అవకాశం లేదు కాబట్టి మీకు చెప్తున్నా. ఈ రాత్రి పడుకునే ముందు ఆ కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకి ఫోన్ చేసినప్పుడు, భోంచేశారా అని అడిగాక, సోడా తాగి పడుకోవద్దని చెప్పండి.